టేకు తఖ్తు కోసం పట్నం పోయిన

పట్నం పోయొచ్చిన కాంచి మా ఊరి ఆడోళ్ళు నన్ను బాయికాడ నీళ్ళు చేదుకోనిస్తలేరు. "చార్మినార్ ఎంతెత్తు ఉన్నదే బాలమ్మా? మోటర్లు చూసినవా? ముత్యాల దుకాణాలు చూసినవా?" అని ఒకటే లొల్లి. చార్మినార్ చూసిన, ఎందుకు చూడలే, జట్కా దాని పక్కపొంటే పోయింది. గని నేను పోయింది దానికోసం కాదు గద. నేను పోయింది ఒక కర్రబల్ల కోసం. నవ్వుతే నవ్వుండ్రి. పోనోళ్ళు తెలుసుకోవాలనే ఇది రాస్తున్న. నాకు అక్షరాలు వస్తయి, భజన పుస్తకాలు చదివి నేర్చుకున్న. యాడన్న తప్పుంటే మీరే సర్దుకోండ్రి.

దారం

మా కోడలు సత్తెమ్మకు ముందటేడు వానకాలంల దగ్గు పట్టుకున్నది. మొదాలు పడిశమే అనుకున్నం. మిర్యాలు, శొంఠి, తులసాకు, అన్నీ అయినయి. కార్తీకం వచ్చేవరకు మనిషి సగమైంది. దవాఖానకు తోలుకపోతే ఆడున్న డాక్టరమ్మ ఎదురొమ్ము మీద గొట్టం పెట్టి మస్తుసేపు విన్నది. "గాలి రాని అర్రల పెట్టకండ్రి. పొద్దంత ఆరుబయట పండుకోబెట్టుండ్రి. గాలి, ఎండ, పాలు, గుడ్లు, గవే దీనికి మందు. గని తడినేల మీద మాత్రం వద్దు, కిందికి కుంగే పక్క వద్దు," అని చెప్పింది.

చెప్పుడు అల్కగనే చెప్పింది. వాకిట్ల నులకమంచం వేసినం. మంచుకు తడిసి నులక సాగె, నడుమ కుంగె, పిల్ల దాంట్ల మూట లెక్క ముడుసుకపోయి ఇంకింత దగ్గె. ఎండకాలం మొదట్ల మంచం కోడుకు చెద పట్టింది. ఒకనాడు ఫెళ్ళుమని ఇరిగి, సత్తెమ్మ కింద పడ్డది. మా మరిది వచ్చి, "వదినే, ఇగ పుట్టింటికి తోలియ్యి. ఏమన్న అయితే ఆడ్నే అయితది," అన్నడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నీ ఇంటి బర్రెకు రోగమొస్తే, కొన్నకాడికి తోలిస్తవా?" అని అడిగిన. ఆ దినం పోయినోడు మస్తు రోజులు మా గడప తొక్కలే.

పట్నంల దబీర్‌పురా కాడ మా చిన్నమ్మ బిడ్డ ఈరమ్మ ఉంటది. వాళ్ళది పాల ఇల్లు. గప్పుడే మా ఊర్ల ఒక పెండ్లికి వచ్చి సత్తెమ్మను చూసింది. "అక్కా, మా గల్లీల బూబమ్మ వాకిట్ల టేకు తఖ్తు ఉన్నది. తఖ్తంటే నాలుగు కోళ్ళ మీద పలకలు పరిచిన ఎడల్పు బల్ల. వానకు ఎండకు ఆడ్నే ఉంటది, లోపటికి తియ్యంగ నేనైతే చూడలే. గసోంటిది చేపియ్యరాదూ," అన్నది. మా దిక్కు టేకు యాడిది? ఉన్న నాలుగు దూలాలు దొర గడీకే. మిరుగు కార్తె రాకముందే పట్నం పోయి చేపిచ్చుకరావాలని మనసుల గట్టిగ అనుకున్న. వానలు మొదలైతే పిల్లను మళ్ళ చీకటర్రల పెట్టాలె. గట్ల పెడితే నా చేతికి దక్కదని నాకు ఎరుక.

పోయే ముందటినాడు నేనొక పని చేసిన. సత్తెమ్మకు పగటిపూట కన్నంటుకున్నది. నేను నూలుదారం పట్టుకోని నెత్తి కాంచి మడిమెల దాంక కొలిచి ముడేసిన. ఈ భుజం కాంచి ఆ భుజం దాంక పట్టి, అటు జానెడు ఇటు జానెడు ఇడిసి ఇంకో ముడేసిన. తలెత్తి చూస్తే పిల్ల కండ్లు తెరిసే ఉన్నయి.

మా దిక్కు పండుకున్న మనిషిని దారంతోని కొలిచేది ఒక్కదానికే. పాడె కట్టనీకె. బల్ల ఫికర్ల పడి గది నాకు యాదికే రాలే. "తఖ్తు కొల్త బిడ్డా, పట్నంల చేపిస్త," అన్న. "సరే అత్తా," అని గోడదిక్కు ఒత్తిగిల్లింది. మాపటికి గిన్నెల పాలు తెస్తే తాగలే. "నాకెందుకత్తా ఖరాబు చేసుడు, దూడను తాగనియ్యి," అన్నది. ఎంత చెప్పినా ఇనలే. ఆ దారం కొంగుల ముడేసుకోనే నేను రైలెక్కిన.

రైలు

తోడు మా తమ్ముడు నర్సిములు. కొడుకు అంజయ్య పెండ్లాం కాడ, బర్రెల కాడ ఉండాలె గద. నర్సిములు ఇంతకుముందు పట్నం చూసొచ్చిండు, అందుకని మస్తు టెక్కు. "అక్కా, ఆడ నువ్వు నోరు తెరవకు, నేను ఉర్దూల మాట్లాడుత," అన్నడు. వాని ఉర్దూ షాద్‌నగర్ టేషన్ల టికెట్ల బాబు కాడనే అయిపోయింది. మిగిలింది చేతుల సైగలే.

డబ్బల తాటిముంజలు అమ్మవోయే ఒకామె మా పక్కకు కూసున్నది. గంపంత నిండ ముంజలు, మీద పచ్చి ఆకులు. మాటల్ల మాట చెప్తే, "టేకు బల్లనా? మంచిదే అక్కా. గని టేకని అమ్మేటోణ్ణి మంచిగ చూసుకో. పట్నంల రంగుకు కొదవ లేదు," అన్నది. నర్సిములు మీసం దువ్వుకోని, "నన్నెవడు మోసం చేస్తడు?" అన్నడు. ఆ మాట మీరు యాది పెట్టుకోండ్రి, ముందు ముందు పని ఉన్నది.

అర్ధణకు ఒడినిండ ముంజలు ఇచ్చింది. నర్సిములు ఒకదాంట్ల బొటనేలు పొడిసే వరకు నీళ్ళు ఎగిరి ఎదురుంగ కూసున్న షేర్వానీ పెద్దమనిషి మీద పడ్డయి. నేను కొంగుతోని తుడవవోతే ఆయన "కోయీ బాత్ నై అమ్మా" అని ఎనకకు జరిగిండు. కొద్దిసేపటికి ఆయనకూ రెండు ముంజలు ఇచ్చినం. తిన్నడు. ఇంజను బొగ్గు కండ్లల్ల పడుతుంటే, గుట్టలు, బండలు ఎనకకు పోతుంటే, నేను మాత్రం కొంగుముడి తడుముకుంట కూసున్న.

దబీర్‌పురా

రైలు దబీర్‌పురాల దించింది. టేషన్ దాటంగనే బర్రెల వాసన వచ్చే వరకు నాకు పానం లేచొచ్చింది. ఈరమ్మ ఇంటికి తొవ్వ అడగనక్కరలేకుంట ఆ వాసన పట్టుకోనే పోయినం. రెండర్రలు, ఒక కొట్టం, ఏడు బర్రెలు. గల్లీ మూలకు ఇనుప నల్ల, తిప్పితే నీళ్ళు. నేను ఊకెనే తిప్పి తిప్పి చూసిన. మా బాయికాడ చేంతాడు లాగి లాగి చేతులు కాయలు కాసినయి, ఈడ ఏలుతోని తిప్పుడే. గని ఆడోళ్ళ లొల్లి మాత్రం మా బాయికాడ లెక్కనే ఉన్నది. అదొక్కటి యాడ పోయినా మారదనుకుంట.

తిండి వేరు. మాకు జొన్నరొట్టె, పచ్చిపులుసు. ఈడ గోధుమరొట్టెల మీద నెయ్యి రాసి పెట్టింది ఈరమ్మ. ఇరానీ హోటల్ చాయ్ నర్సిములు ఇత్తడి చెంబుల పట్టుకొచ్చిండు. ఆడోళ్ళు హోటల్ల కూసోరంట. చిక్కగ, మీద మీగడ కట్టి, ఒక్క గుక్క తాగితే నాలిక దాని రుచి ఇడిసిపెట్టలే. మా తమ్ముడు ఆ దినం సందు దొరికినప్పుడల్ల పోయి తాగొచ్చిండు. ఉర్దూ నేర్చుకోనీకె పోతున్న అన్నడు.

బూబమ్మ వాకిలి

తెల్లారి ఈరమ్మ పాలు పొయ్యనీకె పోతుంటే ఎంబడి నేనూ పోయిన. తలుపుకు గోనెపట్ట పరదా. మొగోళ్ళు లోపటికి రావొద్దని నర్సిములును గల్లీలనే నిలవెట్టినం. పరదా జరిపి పోంగనే నాలుగుదిక్కుల అర్రలు, నడుమ మొగులు కనవడేటంత పెద్ద వాకిలి. ఆ వాకిట్ల తఖ్తు.

చూడంగనే నా పానం ఉసూరుమన్నది. కర్ర బూడిదరంగున్నది. చెద తిన్న మా మంచం కోడు గూడ గట్లనే ఉండె. "ఈ పుచ్చుకర్ర చూపియ్యనీకెనా నన్ను గింత దూరం పిలిచినవ్?" అని ఈరమ్మ చెవుల అన్న. నేను మెల్లగనే అనుకున్న, గని నా గొంతు సంగతి మీకెరుకే. బూబమ్మ ఇన్నది.

తెల్ల ఓణీ కప్పుకున్న ముసలామె. పండ్లు సగం లేవు, నవ్వు మాత్రం నిండుగ ఉన్నది. "ఇధర్ ఆ అమ్మా," అని నా చెయ్యి పట్టుకపోయి తఖ్తు మీద పెట్టింది. "గోరు పెట్టి గీకు," అన్నది. గీకిన. బూడిద పొర కింద తేనె రంగు కర్ర తేలింది. "ఇప్పుడు కొట్టు," అన్నది. పిడికిలితోని గుద్దిన. నా చేతి ఏళ్ళే నొచ్చినయి. చెంబెడు నీళ్ళు తెచ్చి దాని మీద పోసింది. పలకలకు నడుమ ఏలు పట్టేటంత సందున్నది, నీళ్ళు గా సందుల కెల్లి నేల మీదికి జారినయి. మేము రెండు మాటలు మాట్లాడే వరకు పలకలు ఎండినయి.

"నా షాదీల వచ్చింది ఇది," అన్నది బూబమ్మ. "ఎన్ని బారిష్‌లు, ఎన్ని వానలు చూసిందో. దీంట్ల తేల్ ఉంటది, నూనె. చెద ముట్టదు, నల్లులు ఉండయి. రంగు ఒక్కటి పోతది. నేను ముసలి బుడ్డి అయిన, ఇది కాలే."

నేను నోరు మూసుకున్న. గది నాకు అల్కగ అయ్యే పని కాదని మా ఇంటోళ్ళనడిగితే చెప్తరు.

గప్పుడు ఇంకొకటి చూసిన. బూబమ్మ కోడలు తఖ్తు మీద కాళ్ళు మడుచుకోని కూసోని తొక్కుకు మామిడికాయ కోస్తున్నది. పనిమనిషి ఇంకో మూలకు కూసోని ఎల్లిపాయ ఒలుస్తున్నది. బూబమ్మ వచ్చినా లేవలే, కొంచెం జరిగి జాగ ఇచ్చిండ్రు. అత్త ముంగట కోడలు ఎత్తు మీద కూసునుడా! మా ఇంట్ల నేను నేల మీదుంటే సత్తెమ్మ మంచం అంచు గూడ ముట్టదు. పానం బాగలేకున్నా, నేను వాకిట్లకు వస్తే మంచం దిగి నేల మీద కూసుంటది. ఎంత తిట్టినా ఇనదు. వాళ్ళమ్మ గట్ల నేర్పింది, మాయమ్మ నాకు నేర్పినట్టే.

అడగకుండ ఉండలేకపోయిన. "బూబమ్మా, నీ కోడలు నీ ముంగట గట్ల కూసుంటదా?"

"పలంగ్ మీదైతే కూసోదు," అన్నది. "తఖ్తు మంచం కాదు. ఇది వాకిలే. తడి తగలొద్దని కొంచెం మీదికి లేపినం, అంతే. వాకిట్ల అందరు కూసుంటరు గద."

ఆమె చేతి నీళ్ళు మేము తాగమని ఆమెకు ఎరుకే. అందుకని పోయేటప్పుడు కొయ్యని మామిడిపండ్లు నా ఒడిల పోసింది. "కోడలుకు పెట్టు. మంచిగయితది, ఇన్షా అల్లా," అన్నది. తొవ్వ పొంటి నాకు ఆమె మాటలే చెవుల మోగినయి.

బేగంబజార్ పీట

ఆ పగటికి నర్సిములు బేగంబజార్ పోదామని పట్టువట్టిండు. గిన్నెలు, మిరపకాయలు, తాళ్ళు, బెల్లం, అన్నీ కుప్పలు కుప్పలు. హమాలీలు "బాజూ, బాజూ" అనుకుంట నెత్తి మీది మూటలతోని మన మీదికే వస్తరు. ఒకసారి కాదు, నన్ను నాలుగుసార్లు గోడకు ఒత్తిండ్రు. ఒక మూలకు ఎర్రగ మెరిసే పీటలు అమ్ముతున్నరు. "అసలీ సాగ్వాన్!" అని అరుస్తుండు దుకాణపోడు. సాగ్వాన్ అంటే టేకే. మా తమ్ముడు బేరం చేసి ఒకటి కొన్నడు. "చూడక్కా, బూబమ్మది బూడిద, ఇది బంగారం," అన్నడు.

ఆ పొద్దుమీకి గాలిదుమారం వచ్చి చిన్న జల్లు పడ్డది. పీట ఈరమ్మ వాకిట్లనే మరిచిపోయిండు. తెల్లారి తెల్ల ధోతి కట్టుకోని, దాని మీద దర్జాగ కూసోని చాయ్ తాగిండు. లేచినంక ఈరమ్మ నవ్వుడు మొదలు పెట్టింది. నేను చూసి నవ్విన. బర్రెలు గూడ నవ్వుతయేమో అనిపించింది. ధోతి ఎనకంత ఎర్ర రంగు. పీట తెల్లగ పాలిపోయింది, ఒక పలక వంగి పడవ లెక్క లేచింది. గది ఏ కర్రనో దేవునికెరుక. "రైల్ల ముంజలామె ఏం చెప్పిందిరా?" అని అడిగిన. "ఆమె పేరెత్తకు," అన్నడు.

నవ్వు నవ్వే గని, నాకు ఒకటి తెల్సింది. మెరిసేదాన్ని చూసి ముచ్చటపడితే నా కోడలు పక్క గూడ గిట్లనే ఒక్క జల్లుకు పోతుండె.

నయాపూల్ అవతల

ఈరమ్మ పెనిమిటి చెప్పిన గుర్తులు పట్టుకోని నయాపూల్ దాటినం. కచ్చేరి దిక్కు నల్లకోటు వకీళ్ళు ఒకదిక్కు, బండ్లు ఒకదిక్కు. మూసీ ఒడ్డు పొంటి కర్ర దుకాణాలు. వడ్రంగి పని చేసే వడ్ల బ్రహ్మయ్యది ఆఖరిది. కండ్లద్దాలకు ఒకదిక్కు కాడ లేక నూలు కట్టుకున్నడు. దేవిడీ, అంటే నవాబుల పాత బంగ్లా, ఒకటి కూలగొడితే వచ్చిన టేకు దూలాలు కొని పెట్టుకున్నడంట. "కొత్త చెట్టు కర్ర ఎండాలంటే ఏండ్లు పడతది. ఇది ఎప్పుడో ఎండిపోయింది. ఇగ వంగదు, పగలదు," అన్నడు. చిత్రిక పట్టి చూపించిండు. పైన నల్లగున్న దూలం లోపట పసుపుపచ్చగ, చేతికి నున్నగ, నూనె రాసినట్టు తగిలింది. వాసన గూడ వేరే. ఒక ముక్క అంచుకు తెల్లగుంటే దాన్ని పక్కకు పారేసిండు. "తెల్లది చెట్టు పై కర్ర, చెదకు ఇష్టం. నడిమి చేవనే పెడత," అన్నడు.

దునియల పెద్ద లడాయి నడిచే రోజులు, ఇనుమంత దానికే పోయి మొలలు దొరకవు. నేను ఫికర్ పడితే ఆయన నవ్విండు. "దొరికినా కొట్టనమ్మా. బయట పెట్టే సామానుకు ఇనుము తుప్పు పడతది. కర్ర మేకులే కొడత. తడిస్తే ఉబ్బి ఇంకా బిగుసుకుంటయి."

ఇంతవరకు అంత మంచిగనే ఉండె. "కొల్త చెప్పమ్మా," అన్నడు. కొంగుముడి ఇప్పి దారం ఇచ్చిన. నేల మీద చిత్రిక పొట్టు ఊడ్చి, దారం పరిచిండు. పొడుగు చూసిండు. ఎడల్పు చూసిండు. చేతిల గజంబద్ద ఆగిపోయింది. అద్దాలు తీసి నా దిక్కు చూసి, మెల్లగ అడిగిండు. "అమ్మా, మనిషి ఉన్నదా?"

నేను అగ్గయిన. "నీ నోరు పడిపోను! ఉన్నది! నూరేండ్లుంటది నా కోడలు! బల్ల చెయ్యమంటే బతుకు అడుగుతవా?" అని ఎత్తుకున్న. తిడుతుండంగనే ఏడ్పొచ్చింది. దుకాణం నడుమ కూలబడి ఏడిసిన. ఊర్ల ఒక్క కన్నీటి చుక్క రాలనియ్యలే నేను, పరాయి ఊర్ల, పరాయి మొగోని ముంగట ఏడిసిన.

బ్రహ్మయ్య కోపం చెయ్యలే. కుండల నీళ్ళు ముంచి ఇచ్చిండు. "తప్పు అడిగిన అమ్మా. గని ఈ కొల్త చూస్తే ఎవ్వలైన గదే అనుకుంటరు. తఖ్తు మనిషి ఎడల్పుకు చెయ్యరు. పొర్లాలె, కూసోవాలె, పక్కకు చెంబు పెట్టుకోవాలె."

ఎవ్వలైన గదే అనుకుంటరు. అంటే సత్తెమ్మ గూడ గదే అనుకున్నది. నేను తఖ్తని ఎంత చెప్పినా, రేపు గీ సన్నటి బల్ల తీసుకపోయి ముంగట పెడితే, ఆ పిల్ల దాని మీద ఎట్ల ఎక్కుతది? ఎక్కినా, నేను నేల మీద కూసుంటే దిగిపోతది. టేకు ఎంత గట్టిదైతే ఏంది, పండుకునే మనిషి పండుకోకుంటే?

గప్పుడు నాకేం తోచిందో, లేచి, కొంగు నడుముకు చెక్కుకోని, పొట్టు మీద ఆ దారం పక్కన ఎల్లకిల పండుకున్న.

"అక్కా!" అని నర్సిములు కేకేసిండు. "లే! అపశకునమే! జనం చూస్తుండ్రు!"

"చూడనీ. అన్నా, నన్ను కొలువు."

బ్రహ్మయ్య ఎనకకు జరిగిండు. "పానమున్న మనిషిని పండుకోబెట్టి నేను కొలవనమ్మా. గది మంచిది కాదు."

"పానమున్న మనిషిని కొలిచే నేను ఈడికి వచ్చిన," అన్న. "ఆ కొల్త ఆమె ఒక్కదాని మీదనే ఎందుకుండాలె? నా మీద గూడ ఉండనీ. కొలువు. రెండు కొల్తలు కలిపి, నడుమ ఒక చెంబుకు జాగ ఇడిసి, బల్ల చెయ్యి."

ఒక హమాలీ నెత్తి మీది మూట దించకుంటనే నిలవడి చూస్తుండు. పక్క దుకాణమోళ్ళు వచ్చిండ్రు. బ్రహ్మయ్య దేవునికి దండం పెట్టుకోని, గజంబద్దతోని నెత్తి కాంచి మడిమెల దాంక, ఈ భుజం కాంచి ఆ భుజం దాంక నన్ను కొలిచిండు. నేను మీదికి చూసుకుంట పండుకున్న. రేకుల సందుకెల్లి ఎండ కండ్లల్ల పడ్డది. భయం వేసింది, ఎందుకు వెయ్యదు. గని దాని ఎంబడే మనసు మస్తు తేలికయింది.

బల్ల పెద్దగయితే పైసలు గూడ పెద్దగయితయి. నేను నోరు తెరవకముందే నర్సిములు నడుముకు కట్టుకున్న పైసల ముడి ఇప్పిండు. "నేను పట్నంల చెప్పులు కొందామనుకున్న. పీట కొన్నంక నాకు ఆశ సచ్చింది," అన్నడు. నా తమ్ముణ్ణి నేను ఊకె తిడుత, గని మంచోడు వాడు.

తఖ్తు తయారయ్యే దాంక ఈరమ్మ బర్రెలకు గడ్డేసుకుంట, బూబమ్మ ఇంటికి పొయ్యొచ్చుకుంట గడిపిన. పెద్ద కొల్త సంగతి చెప్తే బూబమ్మ చప్పట్లు కొట్టింది.

తిరుగుదారి

బ్రహ్మయ్య తఖ్తును ఇప్పి, ఏ మేకు యాడిదో గాట్లు పెట్టి ఇచ్చిండు. "రంగు పుయ్యకు, నూనె రాయకు. కోళ్ళ కింద చదును రాళ్ళు పెట్టు. ఏడాదికి బూడిదరంగు అయితది, భయపడకు," అన్నడు. "బూబమ్మ చెప్పింది," అన్న. రైల్ల గార్డు పలకలను చూసి "యే క్యా హై?" అని అడ్డం పడ్డడు. నర్సిములు ఛాతి ఇరిసి, "తఖ్త్ హై సాబ్! దో ఆద్మీ కా!" అన్నడు, ఇద్దరు మనుషుల తఖ్తని. ఇన్ని చాయ్‌లు తాగితే గా ఒక్క ముక్క వచ్చింది. పని అయింది.

ఊరి పొలిమేరల అసలు తిప్పలు మొదలైనయి. ఎడ్లబండి మీద పొడుగు పలకలు, నాలుగు కోళ్ళు, తాళ్ళు. మా వాడ ఎంకవ్వ చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకోని, "అయ్యో బాలమ్మా, ఎప్పుడు పోయిందే పిల్ల?" అని ఏడ్పు ఎత్తుకున్నది. నేను బండి దిగి ఆమె చెయ్యి పట్టి ఒక్క గుంజు గుంజిన. "మూసుకోవే! ఏడ్సుడుకు గింత తొందరనా?" అన్న. గని ఆ ఏడ్పు అప్పటికే మా గోడ దాటింది.

మా వాకిట్ల

అంజయ్య ఉరికొచ్చిండు. "అవ్వా, నువ్వు పోయిన కాంచి పాలు ముడుతలేదు," అన్నడు. నేను లోపటికి పోలే. పోతే ఏడుస్తనని ఎరుక. "తమ్మీ, బిగియ్యిరా," అన్న. నర్సిములు గాట్లు చూసుకుంట, సుత్తెతోని మేకులు కొడుతుంటే ఆ చప్పుడు ఇల్లంత మోగింది. నాలుగు చదును రాళ్ళు వెతికి కోళ్ళ కింద పెట్టినం.

చప్పుడు ఆగినంక తలుపు కాడ సత్తెమ్మ నిలవడ్డది. గోడ పట్టుకోని, ఎముకల మీద చీర చుట్టినట్టు ఉన్నది. తఖ్తు దిక్కు చూసింది. ఈ కొస కాంచి ఆ కొస దాంక చూసింది. మళ్ళ చూసింది.

"అత్తా, గింత ఎడల్పెందుకు?"

"ఒకదిక్కు నీ కొల్త, ఇంకోదిక్కు నా కొల్త," అన్న. "నడుమ చెంబుకు జాగ."

"నీ కొల్త యాడ తీసిండ్రు?"

"వడ్లాయన దుకాణంల. పొట్టు మీద ఎల్లకిల పండుకోబెట్టి, నెత్తి కాంచి మడిమెల దాంక. తొవ్వల పోయేటోళ్ళంత నిలవడి చూసిండ్రు. కావాలంటే నర్సిములును అడుగు."

పిల్ల కండ్లు నా మీదనే నిలవడ్డయి. "నిన్నా? పండుకోబెట్టి కొలిచిండ్రా?"

"ఆ. సచ్చిన్నా?"

మొదాలు పెదవి వణికింది. తర్వాత నవ్వింది. నవ్వుతే దగ్గొచ్చింది, దగ్గుకుంటనే నవ్వింది. ఎన్ని నెలలకు ఇన్న ఆ నవ్వు! నేను ఇటు తిరిగి ముక్కు చీదుకున్న. "నువ్వు ముందుగాల ఎక్కత్తా," అన్నది. ఎక్కి కూసున్న. తర్వాత మెల్లగ తాను ఎక్కి, ఆమె దిక్కుకు ఆమె కాళ్ళు చాపింది. పలకలు కిర్రుమనలే, కుంగలే. కొద్దిసేపు మొగులు దిక్కు చూసుకుంట పండుకోని, "అత్తా, పాలున్నయా?" అని అడిగింది. దూడ తాగకముందే ఆపనీకె అంజయ్య ఉరికిండు.

ఇదంత పోయినేడు మిరుగు ముందటి ముచ్చట. దగ్గు నాకు తగలొద్దని డాక్టరమ్మ చెప్పినట్టు తలలు చెరో దిక్కు పెట్టుకోని పండుకుంటం. మీద తాటాకు పందిరి వేసినం, గని జల్లు పక్కకెల్లి కొడితే తఖ్తు తడవనే తడిసింది. ఎండకు ఎండింది. మా వాకిలి చెద దాని కోళ్ళ దాంక వచ్చి, చూసి, పక్కకెల్లి పోయింది. ఇప్పుడు అది బూబమ్మ తఖ్తు లెక్క బూడిదరంగు అయింది. మా మరిది మళ్ళ రాకపోకలు మొదలు పెట్టి, "ఖరాబైతుంది వదినే, రంగేపిద్దాం," అన్నడు. ముట్టుకుంటే చేతులిరుగుతయి అని చెప్పిన. మొన్న డాక్టరమ్మ మళ్ళ గొట్టం పెట్టి, మస్తుసేపు ఇని, "శానా నెమ్మదైంది," అన్నది. ఇంకా పాలు, గుడ్లు ఆపొద్దన్నది. సత్తెమ్మ ఇప్పుడు కోళ్ళను అదిలించేటంత గట్టిగ అరుస్తది.

నిన్న పొద్దుమీకి ఇద్దరం తఖ్తు మీద పండుకున్నం. నాకు కన్నంటుకున్నదో లేదో, మడిమెతోని నన్ను ఒక్క పోటు పొడిసింది. నా ముంగట మంచం అంచు ముట్టని పిల్ల!

"కొంచెం జరుగత్తా," అన్నది. "నా కొల్త దాంక వచ్చినవ్."

నేను జరిగిన.